చేతితొడుగుల నిధి ఏమైంది?

రెండేళ్ళ కిందటి ఉగాది విందులో, పులిహోర గిన్నెలు ఖాళీ అయి కాఫీలు వచ్చేలోపల, మన సంఘం తరఫున ఒక డబ్బా తిప్పిన సంగతి సభ్యులకు గుర్తుండే ఉంటుంది. పల్నాడులో పత్తికీ మిరపకీ పురుగుమందు కొట్టే రైతులకు రబ్బరు చేతితొడుగులు, ముఖానికి ముసుగులు, కళ్ళద్దాలు కొనిద్దామన్నది ఆనాటి ఆలోచన. డబ్బా తిప్పినవాళ్ళం మేమిద్దరమే. మాలో ఒకరిది ఆసుపత్రి ఉద్యోగం, ఒకరిది బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం. మందుల సంగతి ఒకరు, డబ్బుల సంగతి ఒకరు చూసుకుంటారు గదా అని మీరంతా మాకీ పని ఒప్పగించారు. అప్పటినుంచీ దీపావళికి కనబడినా, పిల్లల పాటల పోటీలకు కనబడినా "ఆ గ్లవ్స్ ఏమయ్యాయండీ?" అని అడుగుతూనే ఉన్నారు. కిందటి ఆగస్టు సెలవుల్లో ఊరు వెళ్ళి చూచి వచ్చాము. లెక్క చెప్పవలసిన పూచీ మాది. చెప్తున్నాము, కొంచెం సిగ్గుపడుతూనే.

ఊరి పేరు వ్రాయము. మా పెదనాన్నగారి పెద్దబ్బాయి అక్కడ వ్యవసాయం చేస్తాడు. సొంతం మూడెకరాలు, కౌలుకు మరో నాలుగు. పెట్టె అందినట్టు అప్పుడే ఫోను చేసి చెప్పాడు. మేము చేను దగ్గరకు నడుస్తుంటే గట్టు పక్కన వంగమడిలో దిష్టిబొమ్మ కనిపించింది. పాత చొక్కా, కుండ తలకాయ, రెండు చేతులకూ ఆకుపచ్చ రబ్బరు తొడుగులు.

"అవి మనయ్యే," అన్నాడు అన్నయ్య, దాచకుండా. "పిట్టలు బాగా బెదురుతున్నయ్‌రా."

తక్కినవాటి ఆచూకీ సాయంత్రానికి తెలిసింది. కొన్ని పేడ ఎత్తడానికీ, కాలువలో పూడిక తీయడానికీ పనికివచ్చాయి. కళ్ళద్దాలు పిల్లలు పెట్టుకొని మోటారు సైకిలు ఆట ఆడి పగలగొట్టారు. ముసుగులు ఒక వారం వచ్చాయి. ఒక జత తొడుగులు మాత్రం కవరు కూడా విప్పకుండా వదినగారి బీరువాలో చీరల మధ్య భద్రంగా ఉన్నాయి. లండన్ నుంచి వచ్చినవి గదా, పాడుచేయడమెందుకని! (మేము లండన్‌లో ఉండమనీ, లండన్‌కూ మాకూ నాలుగు గంటల ప్రయాణమనీ చెప్పడం ఎప్పుడో మానేశాము.)

ఎందుకు వాడలేదని వదినను అడిగితే ఆమె చెప్పిన మాట మా లెక్కల బుర్రకూ డాక్టరు బుర్రకూ ఒకేసారి తగిలింది.

"మీరు పంపినయ్యి మగాళ్ళ చేతులకు సరిపోతయ్. మందు కలిపేది మేము గదమ్మా!"

మర్నాడు ఉదయం ఏడింటికి చేలోనే ఉండి చూచాము. వదిన, మరి ఇద్దరు ఆడకూలీలు బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి డ్రమ్ములో పోశారు. వదిన సీసా మూత తీసి ఆ మూతతోనే కొలిచి పోసింది. సీసా మీద ప్రొఫెనోఫాస్ అని ఉంది, పక్కనే పసుపుపచ్చ గుర్తు. పోసేటప్పుడు మూత అంచునుంచి కారింది వేళ్ళ మీదుగా మణికట్టు దాకా వచ్చింది. చీర చెంగుకు తుడుచుకొని కర్రతో కలిపింది, అడుగున తెరలు తెరలుగా ఉంటే చెయ్యి పెట్టి కలిపింది. తరువాత చెంబుతో మగవాళ్ళ వీపుల మీది ట్యాంకుల్లో నింపింది. ఒక ట్యాంకు మూత మర అరిగిపోయి ఉన్నది. అది వేసుకున్న కుర్రవాడు పది అడుగులు వేసేసరికి చొక్కా వెనకాల తడిసి, ఆ తడి లుంగీ దాకా దిగింది. అన్నయ్య పంపు నాజిల్లో మడ్డి అడ్డుపడింది. విప్పి, నోట్లో పెట్టుకొని ఊదాడు. మేము కేక వేశాము.

"ఇరవయ్యేళ్ళనుంచీ ఊదుతున్నాన్రా," అన్నాడు. మళ్ళీ తనే, "సాయంత్రానికి తల దిమ్ముగా ఉంటది. పడుకుంటే పోద్ది," అన్నాడు.

ఈ "పడుకుంటే పోద్ది" అన్నదాన్ని గురించి ఆంధ్రప్రదేశ్ పత్తి పల్లెలు మూడింటిలో చేసిన ఒక పరిశోధన 2005లో అచ్చయింది. యాభైమంది పత్తి రైతు స్త్రీలు, సీజను పొడుగునా, తమకూ తమ ఇంటి మగవారికీ మందు కొట్టిన ప్రతిసారీ ఏమేమి బాధలు వచ్చాయో తామే గుర్తుపెట్టి చెప్పారు. అలా నమోదైనవి 323 సంఘటనలు. వాటిలో నూటికి 83కి పైగా ఏదో ఒక విషలక్షణం ఉంది. నూటికి ఆరింటిలో నరాలకు సంబంధించిన లక్షణాలు చాలా తీవ్రంగా ఉన్నాయి. ఆ ఆరుగురిలోనూ వైద్యుడి దగ్గరకు వెళ్ళినవారు ఒక్కరూ లేరు. ఇంకొక సంగతి కూడా తేలింది. చిక్కటి మందు కలపడం, ట్యాంకులు నింపడం వంటి ఆడవాళ్ళ పనులు మందు కొట్టడమంత ప్రమాదకరమైనవేనట. భూమి తక్కువవారికి తీవ్రమైన విషబాధ ఎక్కువసార్లు వచ్చింది. మేము డబ్బా తిప్పే ముందు ఈ కాగితం చదివి ఉంటే కనీసం చిన్న సైజు తొడుగులైనా కొనేవాళ్ళము.

కొన్నా ఏమయ్యేదో ఇప్పుడు అనుమానమే. మధ్యాహ్నం పదకొండింటికి మేమే ఒక జత తొడుక్కొని చూచాము. పావుగంటలో లోపల చెమట నిలిచి వేళ్ళు నానిపోయాయి. నాజిలు మర విప్పడానికి వేళ్ళు తిరగలేదు. పైగా ఒక్కసారి తొడుగు లోపలికి మందు చుక్క పోయిందంటే, అది చర్మానికి అంటిపెట్టుకొని గంటల తరబడి ఉంటుంది. అప్పుడు ఒట్టి చేతులే నయం, కడుక్కోనైనా కడుక్కోవచ్చు. మందు కొట్టే కూలీకి డబ్బు ట్యాంకు లెక్కన ఇస్తారు. ఎన్ని ట్యాంకులు కొడితే అంత కూలి. తొడుగు తీసి వేసుకునే తీరిక ఎక్కడిది? ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 1985లో పురుగుమందులకు ఒక ప్రవర్తనా నియమావళి తయారుచేసింది. ఉష్ణదేశాల చిన్నరైతుల విషయంలో, అసౌకర్యమైన, ఖరీదైన రక్షణ దుస్తులు వేసుకుంటేగాని వాడడానికి వీల్లేని మందులను అసలు వాడకుండా ఉండడమే మంచిదని అందులో ఉంది. అంటే మనం ఉగాదినాడు డబ్బా తిప్పేనాటికి ఎంతో ముందే పెద్దలు ఈ మాట చెప్పి ఉన్నారన్నమాట.

ఈ మందు శరీరంలోకి ఎలా పోతుందో ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. చాలామంది పొగలా పీల్చడం వల్లనే అనుకుంటారు, అందుకే మనం ముసుగులు పంపాము. చర్మం పెద్ద తలుపు. పారాథియాన్ అనే మందుతో అమెరికాలో పరీక్షించి 1971లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ముంజేతి చర్మం గుండా లోపలికి పోయేది పదో వంతు కన్నా తక్కువ. నుదురు, నెత్తిచర్మం గుండా దాదాపు మూడోవంతు. వృషణాల చర్మం గుండా దాదాపు మొత్తం. ఆ తడిసిన లుంగీ కుర్రవాడిని తలచుకోండి. మనం అతని చేతులకు తొడుగులు పంపాము.

లోపలికి పోయాక జరిగేది డాక్టర్లయిన సభ్యులకు తెలిసిందే. తక్కినవారికోసం ఇంటి మాటల్లో చెప్తాము. నరం కండరానికి ఆజ్ఞ ఇవ్వడమంటే కొళాయి తిప్పడం వంటిది. ఆజ్ఞ అందగానే కొళాయి కట్టేసే పనిమనిషి ఒకరు ఒంట్లో ఉన్నారు, ఆ పదార్థం పేరు ఎసిటైల్‌కోలినెస్టరేజ్. ఫాస్ఫరస్ జాతి మందులు ఆ పనిమనిషి చేతులు కట్టేస్తాయి. ఇక కట్టేవారు లేక నోట చొంగ, కంట నీరు, ఒళ్ళంతా చెమట, ఊపిరితిత్తుల నిండా నీరు. కంటిపాపలు సూదిమొనలంత అవుతాయి, కండరాలు అదురుతాయి, చివరకు ఊపిరి ఆగుతుంది. ఈ గుణాన్ని మొదట అనుభవించిన వారిలో కనిపెట్టినాయనే ఉన్నాడు. జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రవేత్త పురుగులను చంపే మందు కోసం వెతుకుతూ 1936లో టాబున్ అనే దాన్ని చేశాడు. కంటిచూపు మసకబారి, ఊపిరాడక, తేరుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. టాబున్‌ను సైన్యం యుద్ధవాయువుగా తీసుకుంది. ఆ వరుసలోనే ఆయన చేసిన పారాథియాన్ పొలాలకు వచ్చింది. ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ములు, ఒకడు పటాలంలో చేరాడు, ఒకడు వ్యవసాయంలో.

మా ఇద్దరిలో డాక్టరు హౌస్ సర్జన్‌గా పనిచేసింది కోస్తాలో ఒక జిల్లా పెద్దాసుపత్రిలో. పత్తి సీజనులో రాత్రి డ్యూటీ పడితే గుండె జారేది. బండి దిగుతూనే వెల్లుల్లి వంటి ఒక వాసన. "ఎండ్రిన్ తాగిందండీ" అనేవారు వెంట వచ్చినవారు, సీసాలో ఉన్నది ఏదైనా సరే. ఎండ్రిన్‌ను 1990లో భారతదేశంలో నిషేధించారు గాని, తాగిన విషానికల్లా ఆ పేరే నిలిచిపోయింది. ఆ మాట నమ్మితే ప్రమాదం, ఎందుకంటే ఫాస్ఫరస్ మందుకు అట్రోపిన్ విరుగుడు, ఎండ్రిన్‌కు కాదు. అట్రోపిన్ ఆంప్యూళ్ళు రాత్రంతా పగలగొట్టి పగలగొట్టి వేళ్ళు తెగేవి. చాలినన్ని లేకపోతే ఆ ఇంటివారిని బయటి షాపుకు పరుగెత్తించేవాళ్ళము. ఒక మాట మాత్రం అప్పుడు తట్టలేదు. వచ్చేవాళ్ళంతా తాగినవాళ్ళే. చేలో పడిపోయినవాళ్ళు అరుదు. పడుకుంటే పోతుందనుకొని ఇంట్లోనే ఉండిపోయినవారు మా రిజిస్టర్లో ఎప్పుడూ లేరు.

తెలుగులో దీన్ని మనం "మందు" అంటాము. జ్వరానికి వేసుకునేదీ మందే, సారా కొట్లో పోసేదీ మందే, చేను మీద చల్లేదీ మందే. చేనుకు జబ్బు చేసింది, మందు వేశాము. వైద్యుడెవరయ్యా అంటే పురుగుమందుల షాపాయన. ఆయనే రోగం పేరు చెప్తాడు, ఆయనే చీటీ వ్రాస్తాడు, ఆయనే అప్పు ఇస్తాడు, పంట చేతికి వచ్చాక ఆయనే వసూలు చేసుకుంటాడు. మన డాక్టర్లెవరికీ ఇంత సౌకర్యం లేదు! 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడూ, 1997-98లో వరంగల్ జిల్లాలో పచ్చపురుగు, లద్దెపురుగు పడ్డప్పుడూ, ఎంత కొడితే పురుగు అంత మొండికెత్తింది, అప్పు అంత పెరిగింది. అప్పు తెచ్చిపెట్టిన సీసానే అప్పు తీరని రాత్రి చేతికి అందింది. ఆ కథ మీకు తెలుసు. మనలో కొందరి ఇళ్ళలోనే జరిగింది.

తాగకుండానే ప్రాణం తీసిన సందర్భాలూ ఉన్నాయి. ఆదిలాబాద్‌కు పెన్‌గంగ అవతల ఒడ్డు మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా. 2017 వానాకాలంలో అక్కడ పత్తి చేలల్లో మందు కొడుతూ ఇరవైమందికి పైగా చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు, కొందరికి చూపు పోయింది. ఆ ఏడు చేను మనిషి ఎత్తు పెరిగింది. మోకాళ్ళ దగ్గర పడవలసిన తుంపర ముఖాన పడింది. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టారు. ఏ మందుకు ఏ విరుగుడు ఇవ్వాలో డాక్టర్లకే తేలలేదు.

చదువురాని రైతులు, సీసా మీద వ్రాసింది చదువుకోలేరు, అందుకే ఇలా అని మనవాళ్ళు అంటుంటారు. మేమూ అన్నాము. కాని ఈ దేశంలో మన ఇళ్ళకు గంట దూరంలో, కొండల మీద గొర్రెలు మేపేవాళ్ళను అడిగి చూడండి. గొర్రెలకు గజ్జి రాకుండా ఫాస్ఫరస్ మందు కలిపిన తొట్టిలో ముంచాలని 1976 నుంచి 1992 దాకా బ్రిటిష్ ప్రభుత్వమే చట్టం చేసింది. ముంచిన రాత్రి ఒళ్ళునొప్పులు, జలుబు వంటిది వచ్చేది. దానికి "డిప్పర్స్ ఫ్లూ" అని పేరు పెట్టుకొని పడుకున్నారు, మా అన్నయ్య లాగే. తరువాత కొందరికి నీరసం, మతిమరుపు, దిగులు ఏళ్ళ తరబడి వదలలేదు. వీళ్ళకు ఇంగ్లీషు వచ్చు. ఎండ కూడా లేదు! 1999లో ఎడిన్‌బరోలోని వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధన చేసి, ముఖ్యమైన ప్రమాదం తొట్టి దగ్గర కన్నా చిక్కటి మందు డబ్బా విప్పి పోసే పనిలో ఉందని తేల్చింది. మా వదిన చేసే పని. తేడా ఏమిటంటే, ఇక్కడ ఆ ఏడు చివరనే ప్రభుత్వం ఆ డబ్బాల అమ్మకం ఆపించి, చేతికి అంటకుండా పోసే డబ్బాలు తయారుచేసేదాకా ఒప్పుకోలేదు.

ఇక్కడ ఒక న్యాయం, అక్కడ ఒక న్యాయం అన్నది ఈ వ్యవహారంలో కొత్త కాదు. అరటి తోటల్లో నులిపురుగుకు వాడే డి.బి.సి.పి. అనే మందు తయారుచేసే కాలిఫోర్నియా ఫ్యాక్టరీలో, పిల్లలు పుట్టడం లేదని కార్మికులు ఒకరికొకరు చెప్పుకోగా 1977లో పరీక్షలు చేశారు. వీర్యంలో కణాలు లేవు. అమెరికాలో రెండేళ్ళలో దాన్ని దాదాపు ఆపేశారు. మధ్య అమెరికా అరటి తోటలకు మాత్రం అది తరువాత కూడా వెళ్ళింది.

మనకు ఇంకా దగ్గరిది పారాక్వాట్. కలుపు మందు. దీనికి కలుపును చంపే గుణం ఉందని 1955లో కనిపెట్టింది బెర్క్‌షైర్‌లోని జెలట్స్ హిల్‌లో ఐ.సి.ఐ. వారు. 1962 నుంచి అమ్మారు. లోపలికి పోతే విరుగుడు లేదు. రోగి స్పృహలో ఉండి మాట్లాడుతూనే, ఊపిరితిత్తులు గట్టిపడి, రోజుల మీద పోతాడు. ఆక్సిజన్ పెడితే ఇంకా చెడుతుంది. డాక్టరుకు ఇంతకన్నా చేతులు కట్టేసే జబ్బు లేదు. 2007లో ఐరోపా న్యాయస్థానం దీని అనుమతి రద్దు చేసింది, దానితో బ్రిటన్‌లోనూ వాడకం పోయింది. తయారీ మాత్రం పోలేదు. మనవాళ్ళు ఎందరో కాపురమున్న యార్క్‌షైర్‌లోనే, హడర్స్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ నుంచి ఆ తరువాత ఏళ్ళ తరబడి ఇతర దేశాలకు ఎగుమతి అయింది. ఇంటి దగ్గర నిషేధించుకున్న మందులను ఐరోపా సమాఖ్య దేశాలు, బ్రిటన్ కలిసి 2018లో ఎగుమతికి ప్రకటించినవి 81 వేల టన్నుల పైచిలుకు, అందులో మూడోవంతు దాకా పారాక్వాట్ సరుకే. ఒడిశాలో బర్గఢ్ అనే జిల్లా ఉంది. కోస్తా నుంచి తరలివెళ్ళిన మన రైతులు హిరాకుడ్ కాలువల కింద వరి పండిస్తారక్కడ. పారాక్వాట్ కేసులు చూచి చూచి విసిగి, దాన్ని నిషేధించమని 2019లో పక్కనే ఉన్న బుర్లా మెడికల్ కాలేజీ డాక్టర్లు ఆందోళనకు దిగారు.

మరి ఎక్కడైనా ఎవరైనా ఈ చావులు తగ్గించారా? తగ్గించారు. మన పక్కనే, శ్రీలంకలో. మేము ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం ఇదే.

అక్కడ 1995లో ఆత్మహత్యలు లక్ష జనాభాకు 47, ప్రపంచంలోనే అతి ఎక్కువ వాటిలో ఒకటి. చాలా భాగం పురుగుమందుతోనే. ప్రభుత్వం 1984లో పారాథియాన్, మిథైల్ పారాథియాన్ ఆపింది. 1995లో మోనోక్రోటోఫాస్, మెథామిడోఫాస్, తక్కిన అతి విషపు మందులు. 1998లో ఎండోసల్ఫాన్. 2008 నుంచి 2011 లోపల పారాక్వాట్, డైమిథోయేట్, ఫెంథియాన్. ఒక్కసారిగా తీసేయలేదు. ఏ మందు ఎక్కువమందిని చంపుతోందో ఆసుపత్రి లెక్కలు చూచి దాన్ని తీసేశారు. జనం మరొకదాని మీదకు పోతే దాన్నీ తీసేశారు. 2015 నాటికి లక్షకు 14కు దిగింది. ఆ ఇరవై ఏళ్ళలో దక్కిన ప్రాణాలు 93,000 అని అంచనా. పంట దిగుబడులు పడిపోలేదు. కష్టాలు తీరలేదు, అప్పులు ఉన్నాయి, ఇంట్లో పోట్లాటలూ ఉన్నాయి. చేతికందిన సీసాలో ఉన్నది మారింది, అంతే. కోపం వచ్చిన గంటలో తాగినవాడు బతికి బయటపడితే మర్నాడు కోపం ఉండదు గదా.

తాళం పెట్టెల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కిందటేడు కార్యవర్గంలో "తొడుగులు కాకపోతే మందు దాచే తాళం పెట్టెలు పంపుదాం" అన్నవారున్నారు. ఇదీ శ్రీలంకలోనే పరీక్షించారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయపు డాక్టర్ మైకేల్ ఎడిల్‌స్టన్ ప్రభృతులు అనురాధపురం ప్రాంతంలో 180 పల్లెలు తీసుకొని, సగం పల్లెల ఇళ్ళకు తాళం పెట్టెలు ఇచ్చి, సగం పల్లెలకు ఇవ్వకుండా ఏళ్ళ తరబడి చూచారు. 2017లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది. తాగేవారి సంఖ్యలో తేడా లేదు. పెట్టె, తొడుగు, ముసుగు, కరపత్రం: మనం దూరం నుంచి కొని పంపగలిగినవన్నీ ఈ జాబితాలోనే ఉన్నాయి. మందును కొట్టునుంచే తీసేయడం మనం కొని పంపగలిగింది కాదు.

భారతదేశంలోనూ కదలిక లేదని కాదు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. మోనోక్రోటోఫాస్ సంగతి చూడండి. 2013 జూలైలో బీహార్‌లో సారణ్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది దానివల్లనే, వంటనూనెలో ఆ మందు కలిసింది. మన చేలల్లో ఎక్కువగా వాడిన దాని 36 శాతం ద్రవాన్ని ఆపేయమని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది 2023లో. ఆ పిల్లలు పోయిన పదేళ్ళకు.

మందు లేకుండా పత్తి పండుతుందా అని అన్నయ్య అడిగాడు, కొంచెం వెటకారంగానే. పండించినవాళ్ళు ఉన్నారు. అప్పటి ఖమ్మం జిల్లాలో పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊళ్ళో 1999 ప్రాంతంలో కొద్దిమంది మొదలుపెట్టి, 2003 నాటికి ఊరంతా పురుగుమందు మానేసింది. వేసవి దుక్కులు, లింగాకర్షక బుట్టలు, చేను చుట్టూ ఆముదం, బంతి మొక్కలు, జిగురు పూసిన పసుపు పళ్ళేలు, వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం. పురుగును పూర్తిగా చంపడం కాదు, గుడ్ల దశలోనే పట్టుకోవడం. ఊరంతా కలిసి చేయడమే అందులో కిటుకు, ఒక్కడు చేస్తే పక్క చేలోంచి పురుగు వస్తుంది. తరువాత ఆ పద్ధతిని రాష్ట్రంలో మహిళా పొదుపు సంఘాల ద్వారా పెద్దఎత్తున నేర్పారు.

వదిన ఇదంతా విని, "కషాయమంటే ఆ దంచే పని మళ్ళీ మా నెత్తినే గదా," అన్నది. నిజమే. నూరు లీటర్ల నీళ్ళకు ఐదు కిలోల వేపపప్పు కావాలి. ఎకరాల లెక్కన దంచాలంటే ఆడవాళ్ళ భుజాలు ఊడతాయి. "గింజలు ఏరటం మాకేం కొత్త కాదు. పొడి చేసే మర ఒకటుంటే సంఘంలో పదిమందిమి కలిసి చూస్తాం," అన్నది తరువాత. ఆమె హామీ ఏమీ ఇవ్వలేదు, మేము కూడా ఇవ్వలేదు.

ఇంటికి ఫోను చేసినప్పుడు చెప్పవలసినవి ఎటూ ఉన్నాయి. నాజిలు నోటితో ఊదవద్దు, చీపురు పుల్ల వాడండి. కారే ట్యాంకు వీపుకెత్తుకోవద్దు, మర మార్పించండి. ఎదురుగాలిలో కొట్టవద్దు. అన్నం ముద్ద ముట్టుకునే ముందు సబ్బుతో కడుక్కోండి, మందు బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు. ఖాళీ డబ్బా ఇంట్లోకి తేవద్దు, గండామన్ సంగతి చెప్పండి. కంటిపాప చిన్నదై, చొంగ కారి, ఒళ్ళు అదిరితే పడుకోబెట్టవద్దు. ఆసుపత్రికి తీసుకుపోండి, సీసా కూడా వెంట తీసుకుపోండి, డాక్టరుకు మొదట కావలసింది దాని మీది పేరు. ఈ మాటలకు ఖర్చు లేదు. వీటితో సమస్య తీరుతుందని మాత్రం మేము ఇక అనము.

ఇక సొమ్ము లెక్క. తొడుగులు వగైరాలకూ రవాణాకూ పోగా నిధిలో 412 పౌన్లు మిగిలి ఉన్నవి. అక్టోబరు సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చకు పెడుతున్నాము. మా ప్రతిపాదనలు రెండు. మొదటిది, ఆ ఊరి మహిళా సంఘానికి వేపగింజల మర. రెండవది, ఈ దేశంలో వాడకూడని మందు ఈ దేశపు ఓడరేవులనుంచి వెళ్ళడం గురించి మన మన పార్లమెంటు సభ్యులకు ఉత్తరాలు వ్రాయడం. దీనికి తపాలా ఖర్చు తప్ప మరేమీ లేదు. మన సంఘంలో డాక్టర్లు ఇంతమంది ఉండగా, కాజువాలిటీలో మనం చూచింది మనమే వ్రాస్తే ఎవరూ కాదనలేరు. తొడుగులే మళ్ళీ పంపుదామనేవారు కూడా తప్పక వచ్చి చెప్పండి, ఓటుకు పెడదాము. పంపేటట్లయితే ఈసారి ఆడవాళ్ళ సైజు.

మర ధర ఎంతో కనుక్కొని చెప్పమని అన్నయ్యకు కబురు పెట్టాము. ట్యాంకు మూత మాత్రం మార్పించానని నిన్న ఫోనులో చెప్పాడు.